ఖాళీగా కూచునే బదులు

ఈ మాటలు చదివి మనలో కొందరికి కోపం వస్తుందని మాకు తెలుసు. వస్తే రానీండి. సంఘం పత్రికలో వంటకాలూ, అభినందనలూ, పిల్లల పాటల పోటీ ఫలితాలూ మాత్రమే వేసుకుంటూ కూచుంటే ఎవరికీ కోపం రాదు, ఎవరికీ ఏమీ తెలియదు కూడాను.

పోయిన సంక్రాంతి సభలో, భోజనాల హాలుకి వెళ్ళే దారిలో ఒక బల్ల వేశారు, చూసే ఉంటారు. మన ఆడవాళ్ళు నలుగురు కలిసి చేత్తో అల్లిన ఊలు రగ్గులు, మఫ్లర్లు, పసిపిల్లల టోపీలు, మేజోళ్ళు దానిమీద పేర్చారు. "మస్కట్లో రగ్గులేమిటండీ" అని ఒకాయన నవ్వాడు. ఆయన జూన్ నెలలో ఏసీ పద్ధెనిమిది మీద పెట్టుకుని, ముక్కు దాకా రగ్గు కప్పుకుని పడుకునే మనిషి. ఈ దేశంలో రగ్గు అవసరం ఎండాకాలంలోనే ఎక్కువని ఆయనకి ఎవరైనా చెప్పాలి. పైగా జబల్ అఖ్దర్ కొండమీదికి జనవరిలో పిల్లల్ని తీసుకువెళ్ళి, రాత్రి చలికి వణికి, తెల్లారేసరికల్లా దిగివచ్చిన కుటుంబాలు మనలో బోలెడున్నాయి.

అది పక్కన పెట్టండి. ఆ బల్ల వెనక ఒక అమ్మాయి నిలబడి ఉంది. ఎమ్మెస్సీ చదివింది. పెళ్ళై, కుటుంబ వీసా మీద వచ్చి ఏడేళ్ళయింది. ఆమె ఒక రగ్గుకి ఇరవై అయిదు రియాళ్ళు అని చీటీ పెట్టింది. మనలోనే ఒక పెద్ద డాక్టరుగారి శ్రీమతి వచ్చి, రగ్గుని వేళ్ళతో నలిపి చూసి, "ఏం చెల్లాయ్, మనవాళ్ళకి కూడా ఇదేనా ధర? సూపర్ మార్కెట్లో నాలుగు రియాళ్ళకి వస్తోంది గదా" అన్నారు. ఇరవై అయిదు ఇరవై అయింది. ఇరవై పదిహేడు, చివరికి పదిహేను. ఆ అమ్మాయి మొహమాటానికి ఇచ్చేసింది. పక్కనే ఉన్న ఆమె భర్త నవ్వుతూ ఒక మాటన్నాడు. "పోనీండి అక్కయ్యగారూ, ఏదో ఖాళీగా కూచునే బదులు అల్లుతోంది."

మేము అక్కడే ఉన్నాం. మేమూ నవ్వాం. ఇంటికి వెళ్ళాక ఆ నవ్వు మమ్మల్ని పడుకోనివ్వలేదు.

ఆ తరవాత వారం పదిరోజులకి కార్యవర్గం వారి ఆలోచన చెవిన పడింది. వచ్చే ఏడు నుంచి మన సోదరీమణులు అల్లినవన్నీ సంఘానికి ఉచితంగా ఇవ్వాలట. సంఘం వాటిని అమ్మి సాంస్కృతిక నిధికి జమ చేస్తుందట. దీనికి "సోదరీమణుల సేవ" అని పేరు కూడా పెట్టేశారు. ఈ వ్యాసం ఆ ఆలోచన మీద. ఇది కూడదని మా వాదన. ఎందుకు కూడదో చెప్పాలంటే ముందు లెక్క చెప్పాలి.

ఆ అమ్మాయిని కూచోబెట్టి మేము అడిగి రాసుకున్న లెక్క ఇది. రగ్గుకి పట్టిన ఊలు 100 గ్రాముల ఉండలు పది. ఉండ 1 రియాలు 200 బైసలు. అంటే ఊలుకే 12 రియాళ్ళు. అల్లడానికి పట్టినవి 52 గంటలు. ఈ గంటలు ఆమె తన డైరీలో పెట్టుకున్నవే, మేము ఊహించినవి కావు. చివర్లో పోగులు లోపలికి దోపడం, ఉతికి, చదునుగా పరిచి ఆరబెట్టడం ఇందులో కలపలేదు. పదిహేను రియాళ్ళకి అమ్మితే ఊలు ఖర్చు పోను మిగిలింది 3 రియాళ్ళు. యాభై రెండు గంటలకి మూడు రియాళ్ళు! గంటకి 57 బైసలు చిల్లర. ఆ డబ్బుకి రోడ్డు పక్కన ఒక కరక్ చాయ్ రాదు.

ఇరవై అయిదుకే అమ్మి ఉంటే? గంటకి 250 బైసలు. అప్పుడు కూడా ఆమె ఎవరినీ దోచుకున్నట్టు కాదు. మనం క్లినిక్కులో పది నిమిషాలు నాడి పట్టుకుని రాసే బిల్లు పక్కన దీన్ని పెట్టి చూడండి. మనం పదేళ్ళు చదివాం కదా అంటారు. నిజమే. మరి ఆమె తొమ్మిదో ఏట నించి వాళ్ళమ్మ ఒడి పక్కన కూచుని సూదులు పట్టింది. ఆ చదువుకి పట్టా ఇచ్చేవాళ్ళు లేరు, అంతే తేడా.

"సూపర్ మార్కెట్లో నాలుగు రియాళ్ళు" అన్నమాట గురించి రెండు ముక్కలు చాలు. అది మిషను నేసిన గుడ్డ, ఎక్కువ భాగం పాలియెస్టరు. చవకగా కావలసినవాళ్ళు దాన్నే కొనుక్కోవచ్చు, తప్పేం లేదు. దాన్ని కొనకుండా, చేత్తో అల్లినదాని దగ్గరికి వచ్చి, మిషను ధర అడగడం తప్పు. ఇంతకన్నా దీని మీద వాదించవలసిన అవసరం మాకు కనపడదు.

ఇక అసలు సంగతి. ఈ "ఖాళీగా కూచునే బదులు" అన్నమాట మనకి కొత్తది కాదు. దానికి మన గోదావరి గట్టునే ఒక పెద్ద చరిత్ర ఉంది. మా అమ్మమ్మగారిది పాలకొల్లు దగ్గర పల్లె. సెలవులకి వెళితే వీధి అరుగుల మీద ఆడవాళ్ళు వరసగా కూచుని లేసు అల్లుతూ కనపడేవాళ్ళు. చేతిలో చిన్న క్రోషా సూది, ఒళ్ళో దారపుండ, నోట్లో కబుర్లు, కళ్ళు మాత్రం వేళ్ళ మీద. పొయ్యిమీద అన్నం ఉడికే లోపల ఒక పువ్వు, పిల్లాడు నిద్రపోయేలోపల ఇంకో పువ్వు. మా అమ్మమ్మ వాళ్ళ దగ్గర బల్ల గుడ్డలు బేరం ఆడేది. మేము కాకినాడలో మెడిసిన్ చదివే రోజుల్లో హాస్టలు స్నేహితురాళ్ళకి బహుమతులిద్దామని అదే అరుగుమీద నిలబడి మేమూ బేరం ఆడాం, అదో చమత్కారం అనుకుని. సంక్రాంతి బల్ల దగ్గర ఆ శ్రీమతిగారిని తప్పు పట్టే హక్కు మాకు ఏపాటిదో మాకు తెలుసు.

నరసాపురం ప్రాంతానికి ఈ లేసుపని పందొమ్మిదో శతాబ్దంలో స్కాట్లండు మిషనరీల ద్వారా వచ్చింది. మొదట నేర్చుకున్నది క్రైస్తవంలో చేరిన పేద స్త్రీలు. తరవాత అది కాపుల ఇళ్ళలోకీ, ఇతర ఇళ్ళలోకీ పాకింది. లేసు ఐరోపాకి ఎగుమతి అయ్యేది. నూలు ఇచ్చేవాడు ఒకడు, తీసుకుపోయేవాడు ఒకడు, ఓడ ఎక్కించేవాడు మరొకడు. అల్లేవాళ్ళు మాత్రం ఎవరింట్లో వాళ్ళే. వాళ్ళలోనూ మళ్ళీ పని పంపకం. పువ్వులు అల్లే చేతిపని కొందరిది, ఆ పువ్వుల్ని కలిపి గుడ్డ చేసే అతుకుపని మరికొందరిది. తాను అల్లిన పువ్వు చివరికి ఏ గుడ్డలో చేరిందో, ఏ దేశంలో ఏ బల్లమీద పరిచారో, ఎంతకి కొన్నారో అల్లిన మనిషికి తెలిసే అవకాశమే లేదు.

1978-79లో మరియా మీస్ అనే జర్మను సామాజిక శాస్త్రవేత్త వచ్చి ఈ స్త్రీల మధ్య పరిశోధన చేసింది. 1982లో లండన్లో పుస్తకంగా అచ్చయింది. ఆవిడ 2023లో పోయింది. ఎక్కడో జర్మనీ నించి ఒకావిడ వచ్చి మన అరుగులమీద కూచుని లెక్క కట్టేదాకా మన చదువుకున్నవాళ్ళెవరికీ ఆ లెక్క తోచకపోవడం సిగ్గుపడవలసిన సంగతి. ఆవిడ కట్టిన లెక్క ప్రకారం రోజుకి ఆరేడెనిమిది గంటలు లేసు అల్లినా, ఆ స్త్రీకి వచ్చేది రూపాయి కూడా కాదు. పొలంలో కూలికి వెళ్ళే ఆడవాళ్ళకి ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనంలో అది ఏ మూలకీ రాదు. ఇంటిపని అంతా దానికి అదనం.

అన్నిటికన్నా మమ్మల్ని పట్టుకున్నది ఇంకొకటి. గోషా పాటించే కాపుల ఇళ్ళ ఆడవాళ్ళు, పొలానికి వెళ్ళే మాల మాదిగ స్త్రీల కంటే తామే గౌరవమైనవాళ్ళం అనుకునేవాళ్ళు. మేం కూలికి పోం, ఇంట్లో నీడపట్టున కూచుని చేసుకుంటాం, అదీ వాళ్ళ ధీమా. నిజానికి ఎండలో నాట్లు వేసిన మనిషికి వీళ్ళకంటే ఎక్కువ కూలి ముట్టేది. పైగా పది మంది కలిసి పనిచేసే చోట నోరు విప్పి కూలి పెంచమని అడిగే వీలైనా ఉండేది. నీడపట్టున కూచున్న మనిషికి ఆ రెండూ లేవు. గౌరవం పేరుతో వాళ్ళ కూలిని కోసేశారు. ఎవరు కోశారు? షావుకారు ఒక్కడే కాదు. ఆమె పనిని పని అనకుండా "తీరిక వేళల్లో కాలక్షేపం" అన్న ప్రతివాడూను. ఆ మాట వల్లనే వేలమంది లేసు స్త్రీలు జనాభా లెక్కల్లో కూడా పనిచేసేవాళ్ళుగా ఎక్కలేదు, గృహిణులుగా మిగిలిపోయారు. వాళ్ళు అల్లిన లేసు మాత్రం ఎగుమతి లెక్కల్లోకి ఎక్కింది.

ఇప్పుడు చెప్పండి. మస్కట్లో డాక్టర్ల ఇళ్ళలో, ఇంజనీర్ల ఇళ్ళలో మనం ఏ గోషా నడుపుతున్నాం? "మా ఆవిడకి పనిచేయవలసిన అవసరం లేదండీ" అని మనం మీసం మెలివేసి చెప్పే మాట నరసాపురం అరుగుమీది మాటకి ఏ విధంగా భిన్నం?

నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ వార్త వచ్చినప్పుడు మన వాళ్ళందరూ ఒకళ్ళకొకళ్ళు పంపుకున్నారు, మన గోదావరి, మన కళ అని. మంచిదే. ఆ గుర్తింపు వల్ల వేరేచోట తయారైన సరుకుని నరసాపురం పేరుతో అమ్మకుండా ఆపవచ్చు. సూది పట్టుకున్న చేతికి పువ్వుకి ఎంత ఇవ్వాలో మాత్రం అది చెప్పదు. పేరుకి రక్షణ దొరికింది, వేళ్ళకి ఇంకా దొరకవలసి ఉంది.

తెలంగాణా సోదరులు ఇది కోస్తావాళ్ళ గొడవ అనుకోకండి. మీ గొంగడి సంగతేమిటి? దక్కనీ గొర్రె బొచ్చు కత్తిరించి, ఏకి, ఇంటి ఆడవాళ్ళు వడికితే కురుమ మగవాళ్ళు నేసి, చింతగింజల గంజి పట్టించేవాళ్ళు. ఎండకీ వానకీ చలికీ అదొక్కటే. బొచ్చు లేని మాంసపు గొర్రెలు వచ్చి దక్కనీ గొర్రె తగ్గిపోయింది, మిల్లు రగ్గులు వచ్చి గొంగడి తగ్గిపోయింది. ఇవాళ కల్లెంబట్టల ముచ్చట్లలో, పెళ్ళి ఫోటోల్లో గొంగడి భుజాన వేసుకుంటున్నాం గాని, వడికే ముసలమ్మకి రోజుకి ఎంత గిడుతుందని అడిగినవాణ్ణి మేము చూడలేదు.

మనం ఉన్న దేశం ఈ విషయంలో మనకంటే నయం. మా వార్డులో పనిచేసే ఒమానీ సహోద్యోగి ఒకాయన పెట్టుకునే కుమ్మా వాళ్ళ అత్తగారు కుట్టింది. ఆ టోపీ నిండా సూదిమొనతో చేసిన చిన్న చిన్న కన్నాలు, ఒక్కొక్క కన్నం చుట్టూ దారంతో కుట్టు. నెలలు పట్టిందట. ముత్రా సూక్‌లోకి వెళ్ళి చూడండి, మిషను కుట్టు కుమ్మాలు కుప్పలుగా ఉంటాయి, చవక. చేతికుట్టు కుమ్మా ధర దానికి ఎన్నో రెట్లు. ఏ ఒమానీ కూడా ఆ రెండూ ఒకటే గదా అని బేరం ఆడగా మేము వినలేదు. తలకి చుట్టుకునే మస్సర్ల సంగతీ అంతే. మేలైన పష్మీనా మస్సరు కాశ్మీరు నించి వస్తుంది, చేతి కుట్టుపని ఉంటే ధర ఆకాశంలో ఉంటుంది, అయినా పండక్కి కొనుక్కుంటారు. మన దేశపు చేతికి వాళ్ళు ఇచ్చే విలువ మనం ఇవ్వం! జబల్ షమ్స్ మీద లోయ అంచున మేకబొచ్చు తివాసీలు పరిచి అమ్ముతారు, అక్కడ ఆడవాళ్ళు వడుకుతారు, మగవాళ్ళు నేస్తారు, అచ్చం మన గొంగడి లాగే. ఈ ప్రభుత్వం 2003లో చేతిపనుల కోసమే ప్రత్యేకంగా ఒక సంస్థ పెట్టింది, 2020లో దాన్ని చిన్న పరిశ్రమల సంస్థలో కలిపారు. చేతిపనిని చిన్న పరిశ్రమ అన్నారు, కాలక్షేపం అనలేదు. ఆ తేడా గమనించండి.

డాక్టర్లం కాబట్టి ఒళ్ళు గురించి కూడా చెప్పాలి. మన ఆడవాళ్ళు మా దగ్గరికి వచ్చి "బొటనవేలి మొదట్లో నొప్పి, గిన్నె ఎత్తలేకపోతున్నా" అంటే మేము బొటనవేలు లోపలికి మడిచి, పిడికిలి బిగించి, మణికట్టు చిటికెనవేలి వైపు వంచమంటాం. కెవ్వుమంటే డి క్వెర్వెయిన్ అని రాసుకుంటాం. రాత్రిళ్ళు చేయి తిమ్మిరెక్కి మెలకువ వస్తోందంటే కార్పల్ టన్నెల్ అనుమానిస్తాం. మెడనొప్పి సరేసరి. నలభై దాటితే చత్వారం, సూది మొన కనపడదు. "ఏం పని చేస్తారమ్మా?" అని అడిగితే "ఏం లేదండీ, ఇంట్లోనే" అంటారు. మేమూ కేసు షీటులో గృహిణి అని రాసేస్తాం. అదే నొప్పి టైపిస్టుకి వస్తే వృత్తివల్ల వచ్చిందంటాం. జనాభా లెక్కలవాళ్ళని అని ఏం లాభం? ఈ తప్పు మా కలంతో మేమే చేశాం, ఎన్నోసార్లు.

అల్లిక మనసుకి మంచిదని, ఆందోళన తగ్గిస్తుందని మనమే సలహాలిస్తాం. ఇష్టంతో అల్లుకుంటే తప్పకుండా మంచిది. కాని పండగనాటికి పన్నెండు టోపీలు, ఆరు మఫ్లర్లు, మూడు రగ్గులు కావాలని కార్యవర్గం జాబితా పంపితే అది మందు కాదు, డ్యూటీ. డ్యూటీకి జీతం ఉంటుంది.

మాకు వినవచ్చిన అభ్యంతరాలు చెబుతాం. ఒకటి, భర్త సంపాదిస్తూనే ఉన్నాడు కదా, ఆమెకి డబ్బెందుకు అని. అయ్యా, మీ తండ్రిగారికి ఆస్తి ఉంది కదా, మీరు ఆసుపత్రిలో జీతం ఎందుకు తీసుకుంటున్నారు? ఆ అమ్మాయి ఆ డబ్బు ఏం చేద్దామనుకుందో మాతో చెప్పింది. ఇక్కడ రాయం. ఎందుకంటే అది మంచి పనో కాదో తూకం వేసి, మంచిదైతేనే పదిహేను బదులు ఇరవై అయిదు ఇద్దామనే బుద్ధి మనకి ఉంది. ఆమె దాంతో గాజులు కొనుక్కున్నా సరే, గంటలు గంటలే.

రెండోది కాస్త గట్టి అభ్యంతరం. కుటుంబ వీసా మీద ఉన్నవాళ్ళు ఇక్కడ ఉద్యోగంగాని వ్యాపారంగాని చేయరాదు, కాబట్టి ఉచితంగా ఇవ్వడమే క్షేమం అంటున్నారు. చట్టం మాట నిజం. ఈ దేశం అన్నం తింటున్నాం, ఈ దేశపు చట్టం పాటించవలసిందే, అందులో మాకు రెండో మాట లేదు. కాని ఈ తర్కం ఎటు పోతోందో చూడండి. ఆమె తాను అల్లింది తాను అమ్ముకుంటే తప్పు, అదే రగ్గుని సంఘం తీసుకుని అదే బల్లమీద అమ్మితే సేవా? అమ్మకూడని చోట ఎవరూ అమ్మకూడదు. అమ్మవచ్చు అంటే అల్లినదానికి సొమ్ము అల్లినవాళ్ళకి వెళ్ళాలి. చట్టం కష్టం అంతా ఆమె పేరున, నిధి అంతా సంఘం పేరున రాసుకోవడం కుదరదు. చట్టబద్ధమైన దారి ఏదో, లైసెన్సు ఉన్న దుకాణం ద్వారానో మరొక విధంగానో, తెలిసిన లాయరుని కూచోబెట్టి కనుక్కోవడం కార్యవర్గం పని. నాటకాల హాలు బుక్ చేయడానికి నాలుగు ఆఫీసులు తిరగగలిగినవాళ్ళకి ఇది బ్రహ్మవిద్య కాదు.

మూడోది, ప్రేమతో చేసినదానికి ధర కట్టకూడదు అనేది. ప్రేమతో ఇవ్వదలుచుకుంటే ఇస్తారు. మా ఆసుపత్రిలో నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి టోపీలు కావాలని ఒకసారి నోటిమాటగా అంటే, ఇదే అమ్మాయి వారంలో పద్ధెనిమిది అల్లి తెచ్చింది, దారం డబ్బులు కూడా పుచ్చుకోలేదు. పసికందుకి తలనించి వేడి ఎంత తొందరగా పోతుందో, తల్లి రొమ్ముకి ఆనించి తలకి టోపీ తొడగడం ఎంత అవసరమో పిల్లల డాక్టర్లకి చెప్పనక్కరలేదు. ఆ దానం ఆమె చేసింది, తన ఇష్టంతో. ఒకరి దానాన్ని ఇంకొకరు తీర్మానం చేయడం ఎక్కడి పద్ధతి? కార్యవర్గంలోని మగ డాక్టర్లు ఏడాదికి 52 గంటల కన్సల్టేషను ఫీజు సాంస్కృతిక నిధికి రాసిస్తామని తీర్మానం చేస్తే, అప్పుడు "సోదరీమణుల సేవ" మాట మేమే ప్రతిపాదిస్తాం.

మేము కోరేది పెద్దదేమీ కాదు. ఆ తీర్మానం వెనక్కి తీసుకోండి. సంఘానికి రగ్గులు, మఫ్లర్లు కావాలంటే ముందు ఊలు డబ్బు ఇవ్వండి, తరవాత గంటల లెక్క అడిగి ధర కట్టండి, చీటీ మీద ఆ గంటలు కూడా రాయండి. చట్టం దానికి ఒప్పుకోకపోతే బల్ల ఎత్తేయండి. నిధి కోసం ఏదో ఒకటి అమ్మే తీరాలంటే నరసాపురం నించి లేసు తెప్పించుకోవచ్చు, కాని ఎగుమతిదారు కొటేషనుతో సరిపెట్టుకోకుండా, అల్లిన చేతికి ముక్కకి ఎంత ముట్టిందో రాసిచ్చేవాళ్ళ దగ్గరే తెప్పించాలి. అలా రాసివ్వం అంటే కొనవద్దు.

మార్చిలో సర్వసభ్య సమావేశం ఉంది. ఆ అమ్మాయి రాదట, మొహమాటం. డైరీలోని ఆ పేజీకి నకలు తీసుకోమని మాకు ఇచ్చింది, పేరు చదవవద్దంది. చదవం. యాభై రెండు గంటలూ తారీకులతో సహా చదువుతాం. పదిహేను రియాళ్ళకి రగ్గు పట్టుకెళ్ళిన శ్రీమతిగారు మిగతా పది రియాళ్ళు సమావేశానికి తేదలుచుకుంటే, కవరు మేము తెస్తాం.